ఎండలో, ఎత్తుల మీదుగా సాంటియాగో దారి: సైకిలు యాత్రికుడి ఒక రోజు

ఎండ మనకు కొత్తా అన్న ధీమాతో నేను మొదటిసారి స్పెయిన్‌లోని పాంప్లోనా నుంచి ఉదయం పదింటికి బయలుదేరాను. ఆ ధీమా ప్వెంతె లా రెయినా వంతెన దాటిన పావుగంటకే ఆవిరైపోయింది. ఆ తర్వాత మన్యేరు ఎక్కుడు మీద సైకిలు దిగి, హ్యాండిల్ మీద తల ఆనించి నిలబడి ఉండగా, నల్ల చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టడం కనిపించింది. చెమట పట్టినట్టు అప్పటిదాకా తెలియనే లేదు. అక్కడి గాలి పొడిగాలి. చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. తడిసి ముద్దవడం అలవాటైన మనకు, ఒళ్లు పొడిగా ఉంటే అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే అక్కడి మోసం.

ఉత్తర స్పెయిన్ మీదుగా, సెయింట్ జేమ్స్ సమాధి ఉందని నమ్మే సాంటియాగో దె కొంపొస్తెలా ఊరికి వెళ్లే ప్రధాన యాత్రా మార్గాన్ని ‘ఫ్రెంచి దారి’ అంటారు. ఫ్రాన్సు సరిహద్దులోని సెన్ జాన్ పియె ద పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నడిచేవాళ్లే ఎక్కువ, అయితే సైకిలు మీద వెళ్లేవాళ్లూ తక్కువేమీ కాదు. ఆ 780 కిలోమీటర్లలో ఒక్క రోజునే ఇక్కడ తీసుకుంటున్నాను: జులై, ఆగస్టు ఎండల్లో పాంప్లోనా నుంచి ఎస్తెల్యా దాకా, ఓపిక ఉంటే లోస్ ఆర్కోస్ దాకా. నడకదారి లెక్కన ఎస్తెల్యాకు 46 కిలోమీటర్లు, లోస్ ఆర్కోస్‌కు 67. సైకిలు తొక్కేవాళ్లకు ఇదొక లెక్కా అనిపిస్తుంది. దూరం చూసి ఈ రోజును అంచనా వేయకండి. ఈ రోజంతా గడియారంతో పోటీ.

ముందుగా గడియారం సంగతి

జులైలో పాంప్లోనాలో సూర్యుడు ఉదయం ఆరున్నర దాటాక ఉదయిస్తాడు, రాత్రి పదికి కాస్త ముందు అస్తమిస్తాడు. కారణం భూగోళం కాదు, గడియారం. రేఖాంశం ప్రకారం స్పెయిన్ బ్రిటన్‌తో సమానమైన సమయం పాటించాలి. 1940లో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు, మళ్లీ వెనక్కి జరపలేదు. దానికి వేసవికాలపు గంట ఒకటి తోడు. ఫలితంగా సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో. ఎండ పరాకాష్ఠకు చేరేది నాలుగు, ఆరు మధ్య.

మన లెక్కలో సాయంత్రం నాలుగంటే ఎండ వాలే వేళ. ‘మధ్యాహ్నం ఓ రెండు గంటలు పడుకుని నాలుగింటికి బయలుదేరదాం’ అన్న ఆలోచన మనవాళ్లకు సహజంగా వస్తుంది. అక్కడ ఆ ఆలోచనంత ప్రమాదకరమైనది మరొకటి లేదు. నీడలో పడుకుని, సరిగ్గా పెనం కాలే వేళకు లేచి దాని మీదికి ఎక్కడమే అది. సాయంత్రం తొక్కాలనుకుంటే ఏడున్నర తర్వాతే. అప్పుడు బస దొరకదు. కాబట్టి ఉన్నది ఉదయం ఒక్కటే. మొదటి వెలుగు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆరున్నర గంటలు. ఈ రోజు మొత్తం అందులో ఇమడాలి.

ముందురోజు సాయంత్రం చేయవలసినవి

స్పెయిన్ వాతావరణ సంస్థ ఎండ హెచ్చరికలను పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తుంది. పసుపు ఉంటే ఈ మార్గదర్శిని అనుసరించండి. నారింజ ఉంటే ఎస్తెల్యాతో ఆపేయండి. ఎరుపు ఉంటే పాంప్లోనాలోనే ఉండిపోండి. పాత కోట గోడల మీద తిరగడానికి అదో మంచి సాకు. జులై 6 నుంచి 14 వరకు మాత్రం ఆ సాకు పనికిరాదు. అది ఎద్దుల పరుగు పండుగ, ఊళ్లో కాలు పెట్టే చోటు ఉండదు, నిద్ర అసలే ఉండదు.

బస ముందే మాట్లాడుకోండి. యాత్రికుల సత్రాలను అక్కడ అల్బెర్గె అంటారు. చాలా పురపాలక సత్రాల్లో నడిచి వచ్చినవాళ్లకే మొదటి హక్కు, సైకిలువాళ్లను సాయంత్రం దాకా ఆగమంటారు. అందులో అన్యాయమేమీ లేదు. వాళ్లు మూడు రోజులు నడిచిన దూరాన్ని మనం ఒక పూటలో దాటుతున్నాం. ఎండలో వచ్చి గుమ్మం దగ్గర నాలుగు గంటలు కూర్చోవడం కష్టం కాబట్టి, ఫోను చేస్తే చోటు ఉంచే ప్రైవేటు సత్రాన్ని ఎంచుకోండి. సైకిలు పెట్టడానికి తాళం వేసే గది ఉందో లేదో కూడా అడగండి.

సీసాలు రాత్రే నింపి ఒకదాన్ని ఫ్రీజర్‌లో పెట్టమని సత్రంలో అడగండి. సాధారణంగా కాదనరు. మూడువంతులే నింపండి, గడ్డకట్టాక పగలకుండా ఉంటుంది.

సైకిలులో చూసుకోవలసింది గేర్లు

బండి ఏ కంపెనీదన్నది అనవసరం. ముందు పళ్లచక్రాల్లో చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనుక పెద్దదానికి ఎన్ని పళ్లు అన్నదే చూడాలి. ముందు 30, వెనుక 34 ఉంటే నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు దాదాపు 6.7 కిలోమీటర్ల వేగంతో ఎక్కవచ్చు. మనిషి వేగంగా నడిచే వేగం అది. సిగ్గుపడనక్కరలేదు, ఎక్కుడు మీద మోకాళ్లను కాపాడేది అదే. ముందు 39, వెనుక 25 ఉన్న పందెపు సైకిలు తీసుకొస్తే అదే 60 తొక్కుళ్లకు దాదాపు 12 కిలోమీటర్ల వేగం కావాలి. బరువు సంచులతో, ఎండలో, ఎక్కుడు మీద అది సాధ్యం కాదు. అప్పుడు గుండె పరుగెత్తుతుంది, దానితోపాటే ఒంటి వేడి.

టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే కంకర దారికీ తారు రోడ్డుకీ సరిపోతాయి. సామాను ఏడు కిలోలు దాటితే ఎక్కడో పొరపాటు చేశారన్నమాట. తగ్గించలేకపోతే స్పెయిన్ తపాలా శాఖే ఈ దారిలో సంచులను ఊరి నుంచి ఊరికి చేరవేస్తుంది. వాడుకోండి. శిరస్త్రాణం ఊరి బయటి రోడ్ల మీద తప్పనిసరి. గాలి రంధ్రాలు ఎక్కువ ఉన్నది, లేత రంగుది తీసుకోండి.

నీళ్లు: ఒక చిన్న లెక్క

ఎంత తాగాలి అంటే అందరూ ‘బాగా తాగండి’ అంటారు. బాగా అంటే ఎంత?

ఓ మోస్తరు ఎక్కుడు మీద పెడళ్ల దగ్గర 150 వాట్ల శక్తి పెడుతున్నారనుకుందాం. మన ఒళ్లు అంత సమర్థమైన యంత్రం కాదు. ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పెడల్‌కు చేరుతుంది, మిగిలినదంతా వేడి. అంటే దాదాపు 500 వాట్ల వేడి ఒంట్లో పుడుతోంది. గంటకు 18 లక్షల జౌళ్లు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని మోసుకుపోతుంది. అంటే ఈ వేడిని వదిలించుకోవడానికే గంటకు ముప్పావు లీటరు చెమట కావాలి. ఎండ నుంచి, కాలిన రోడ్డు నుంచి వచ్చే వేడి దీనికి అదనం.

కాబట్టి గంటకు ముప్పావు లీటరును ఆధారంగా పెట్టుకోండి. మీ ఒంటి లెక్క తేల్చుకోవాలంటే యాత్రకు ముందే ఒక ఎండపూట గంటసేపు నీళ్లు తాగకుండా తొక్కి, ముందూ వెనుకా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. కొందరికి అరలీటరే, కొందరికి లీటరున్నర.

వట్టి నీళ్లే అదేపనిగా తాగడమూ మంచిది కాదు. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మతి తప్పడం దాకా వెళుతుంది. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకా నీళ్లు తాగిస్తే ఇంకా ముదురుతుంది. రెండు సీసాల్లో ఒకదాంట్లో వట్టి నీళ్లు, రెండోదాంట్లో ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు ఉంచుకోండి. లీటరుకు చదునుగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. విరేచనాలకు ఇంట్లో చేసి ఇచ్చే ద్రావణమే ఇది. నిమ్మరసం పిండితే గొంతు దిగుతుంది. మందుల దుకాణంలో పొట్లాలు కావాలంటే ‘స్వేరో ఒరాల్’ అని అడగండి. ఆకుపచ్చ శిలువ గుర్తున్న దుకాణమే మందుల దుకాణం.

వట్టి నీళ్ల సీసాకు ఇంకో పని ఉంది. అందులో సగం తాగడానికి, సగం ఒంటి మీద పోసుకోవడానికి. గాలి పొడిగా ఉండటం మనకు ఇక్కడ కలిసొస్తుంది: తడిపిన నూలు గుడ్డ మెడకు చుట్టుకుంటే నిమిషంలో చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. పొడుగు చేతుల పలచటి తెల్ల చొక్కా తడిపి తొడుక్కుంటే ఇంకా మేలు. పొట్టి చేతుల చొక్కాతో చలవ అనుకునేవాళ్లు సాయంత్రానికి మోచేతుల మీద చర్మం ఊడదీసుకుంటారు.

ఊళ్లలో కొళాయిలకు, ఊటలకు కొదవ లేదు. ‘అగ్వా పొతాబ్లె’ అని ఉంటే తాగే నీళ్లు. ముందు ‘నో’ ఉంటే సీసాలో పట్టవద్దు, నెత్తిన పోసుకోవచ్చు.

మొదటి అంకం: పాంప్లోనా నుంచి పెర్దోన్ కనుమ

ఆరుంపావుకు ముందూ వెనుకా దీపాలు వేసుకుని బయలుదేరండి. పసుపు బాణాలు దారి చూపిస్తాయి. 1984లో ‘ఓ సెబ్రెయిరో’ అనే గ్రామంలోని ఏలియాస్ వలీన్యా అనే పాదిరీ మొదలుపెట్టిన గుర్తులవి. సిజూర్ మెనోర్ దాకా ఐదు కిలోమీటర్లు నడకదారీ సైకిలుదారీ ఇంచుమించు ఒకటే. అక్కడ తేల్చుకోవాలి.

నడకదారి గోధుమ పొలాల మధ్య నుంచి సరికియేగి మీదుగా తిన్నగా శిఖరానికి ఎక్కుతుంది. అందంగా ఉంటుంది. ఆ ఊరు దాటాక దారి ఇరుకు, రాళ్లు, నిండా యాత్రికులు. రోడ్డు మీద వెళితే ఎన్‌ఏ-1110 అనే పాత రహదారి 679 మీటర్ల ఎత్తున పెర్దోన్ కనుమ దాటుతుంది. పక్కనే ఉన్న ఏ-12 వేగరహదారి కొండ కింద సొరంగంలోంచి పోతుంది కాబట్టి వాహనాలన్నీ అటే వెళ్తాయి. పాత రోడ్డు మనకు మిగులుతుంది. పొరపాటున కూడా ఏ-12 ఎక్కకండి.

నా సలహా: రోడ్డు మీదే ఎక్కండి. కారణం రాళ్లొక్కటే కాదు. ఎక్కుడు మీద ఎండ ఎందుకు ఎక్కువ కొడుతుందో ఒకసారి ఆలోచించండి. చదునైన దారిలో 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మన వేగమే మనకు గాలి విసురుతుంది. ఎక్కుడు మీద వేగం ఏడుకు పడిపోతుంది, విసనకర్ర ఆగిపోతుంది, అదే సమయంలో ఒంట్లో వేడి రెట్టింపవుతుంది. వెనుక నుంచి అదే వేగంతో పిల్లగాలి వీస్తే ఒంటికి గాలే తగలదు. నడకదారిలో ఇది ఇంకా నెమ్మది, ఇంకా వేడి. రోజు మొదట్లోనే ఒంటిని అలా కాల్చుకుంటే మిగతా రోజంతా అప్పు తీరుస్తూనే ఉండాలి.

ఎక్కేటప్పుడు మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కండి. ఒక పూర్తి వాక్యం ఊపిరి తీసుకోకుండా చెప్పలేకపోతే గేరు తగ్గించండి. తోడెవరూ లేకపోతే పద్యం చదువుకోండి. పాదం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టు. వేమన పద్యం తేలిక, మత్తేభం వద్దు.

కనుమ దగ్గర నుంచి గాలిమరల వరస వెంట ఒక చిన్న రోడ్డు శిఖరం మీది ఇనుప శిల్పాల దాకా వెళుతుంది. 1996లో నిలబెట్టిన యాత్రికుల వరస అది. కాలినడకనా, గుర్రాల మీదా, గాడిదలతో, గాలికి ఎదురు వంగి పోతున్న రేకు బొమ్మలు. ‘గాలి దారి నక్షత్రాల దారితో కలిసే చోటు’ అని ఒక బొమ్మ మీద చెక్కి ఉంటుంది. ఏడున్నర, ఎనిమిది గంటలకు ఇక్కడ ఉంటే అదృష్టవంతులు. వెనుక పాంప్లోనా, ముందు నవార్రా ప్రాంతపు పల్లెలు, నెత్తిన గాలిమరల హోరు.

శిఖరానికి కాస్త ముందు నడకదారి పక్కన ఒక ఊట ఉంది, పేరు ఫ్వెంతె రెనియేగా. దప్పికతో పడిపోయిన యాత్రికుడికి దయ్యం ప్రత్యక్షమై, దేవుణ్ణి కాదంటే నీళ్లు చూపిస్తానందట. అతను కాదనలేదు. అప్పుడు సెయింట్ జేమ్సే వచ్చి ఈ ఊట చూపించాడని కథ. కథ బాగుంది గానీ దాని మీద నమ్మకం పెట్టుకుని సీసాలు ఖాళీ చేయకండి. వేసవిలో అది ఎండిపోతూ ఉంటుంది.

దిగుడు

నడకదారిలో సైకిలు మీద దిగకండి. ఇది సలహా కాదు, బతిమాలడం. అవతలి వాలు నిండా పిడికిలంత గుండ్రటి రాళ్లు, కింద అంటుకోకుండా వదులుగా పడి ఉంటాయి. గోళీల మీద బండి నడిపినట్టుంటుంది. ముందు బ్రేకు పట్టగానే చక్రం పక్కకు జారుతుంది, వెనుక బ్రేకు పడితే రాళ్లే మనతో పాటు జారతాయి. పైగా దారంతా కర్రలు పట్టుకుని మోకాళ్ల నొప్పితో దిగుతున్న మనుషులు.

శిల్పాలు చూసి మళ్లీ కనుమకు వచ్చి రోడ్డు మీదే దిగండి. దిగేటప్పుడు బ్రేకు అదిమి పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయండి. చూపు మలుపు చివరకు పెట్టండి, చక్రం అటే పోతుంది. దిగుడులో నీళ్లు తాగాలన్న తలంపు రానివ్వకండి. తాగవలసింది కనుమ మీద ఆగినప్పుడే.

సమయం చేతిలో ఉంటే మురుసాబల్ నుంచి యునాతె అనే ఎనిమిది మూలల చిన్న చర్చిని చూసి రావచ్చు. 12వ శతాబ్దానిది, పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. చుట్టూ కమానుల వలయం. ఎనిమిదిన్నర దాటితే మాత్రం వదిలేయండి.

రెండో అంకం: పేరులేని ఎత్తులు

ప్వెంతె లా రెయినాలో అరగంట ఆగి తినండి. బంగాళాదుంప గుడ్డు అట్టు ముక్క, రొట్టె, ఒక పండు. నూనె, మాంసం ఎక్కువైతే అరిగించడానికే రక్తమంతా కడుపుకు పోతుంది, చర్మానికి చల్లబరిచే రక్తం తగ్గుతుంది. యాత్రా పత్రం మీద, అంటే దారిలో సత్రాలు, చర్చిలు ముద్రలు వేసే యాత్రికుడి చిన్న పుస్తకం మీద, ముద్ర వేయించుకోండి. సైకిలువాళ్లకు చివరి ప్రమాణపత్రం కావాలంటే సాంటియాగోకు ముందు చివరి 200 కిలోమీటర్లు తొక్కి, ఆ భాగంలో రోజుకు రెండు ముద్రలు చూపించాలి. నడిచేవాళ్లకైతే 100 కిలోమీటర్లు చాలు. ఇక్కడి ముద్ర లెక్కలోకి రాకపోయినా జ్ఞాపకంగా ఉంటుంది.

అర్గా నది మీది రాతి వంతెన 11వ శతాబ్దానిది. దాన్ని నడిచి దాటండి, సైకిలు చేత్తో నడిపించుకుంటూ. ఈ దారిలో అంతకంటే అందమైన నూరు గజాలు నాకు గుర్తులేవు.

అసలు పరీక్ష ఇక్కడి నుంచే. పెర్దోన్‌కు పేరుంది, బొమ్మలున్నాయి, కథలున్నాయి. ఇప్పుడొచ్చే ఎత్తులకు పేర్లు కూడా లేవు. వాటిలో పెద్దదేదీ కాదు, కానీ ఒకటి దిగగానే ఇంకొకటి. పొద్దున్నుంచి దాచుకున్న సత్తువను ఇవే తినేస్తాయి. వంతెన దాటాక నడకదారి ఎర్రమట్టి గట్టు మీదుగా మన్యేరుకు నిట్టనిలువుగా ఎక్కుతుంది. నేను తల ఆనించి నిలబడింది అక్కడే. మీరు రోడ్డు పట్టుకోండి.

సిరౌకి అన్న పేరుకు బాస్క్ భాషలో పాముల పుట్ట అని అర్థం చెబుతారు. కొండ చుట్టూ చుట్టుకున్న ఆ ఊరిని దూరం నుంచి చూస్తే నమ్మబుద్ధి వేస్తుంది. ఊరి సందుల్లోకి ఎక్కితే రాతి పలకల మీద సైకిలు మోయాలి. అవతల దిగే రోమన్ల నాటి దారి మీదా అంతే, రెండు వేల ఏళ్ల నాటి రాళ్లకు మన టైర్ల మీద జాలి ఉండదు. ఊరిని చూడాలంటే సైకిలు కింద తాళం వేసి నడిచి ఎక్కండి, లేదంటే రోడ్డు మీద పక్క నుంచి పొండి.

లోర్కాకు ముందు సలాదో అనే వాగు దాటుతాం. పేరులోనే ఉప్పు ఉంది. 12వ శతాబ్దపు ఒక యాత్రా గ్రంథకర్త ఈ వాగు గట్టు మీద ఇద్దరు మనుషులు కూర్చుని కత్తులు నూరుకుంటుండగా చూశాడట. ఈ నీళ్లు గుర్రాలకు మంచివేనా అని అడిగితే మంచివేనన్నారు. తాగిన గుర్రాల్లో రెండు అక్కడికక్కడే చచ్చాయి, వాళ్లు తోళ్లు ఒలుచుకున్నారు. తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఈ రోజు గురించి రాయవలసిన మొదటి సంగతి నీళ్లేనని అతనికి తెలిసింది. సీసా లోర్కాలో నింపుకోండి.

నడకదారిలోకి వెళ్లవలసి వస్తే ఒక మర్యాద. గంట ముప్పై మీటర్ల దూరంలోనే ఒకసారి మోగించండి, వీపు వెనుక మోగిస్తే ఉలిక్కిపడి మన మీదికే తిరుగుతారు. వేగం తగ్గించి, ‘బ్వెన్ కమీనో’ (శుభయాత్ర) అని పలకరించి దాటండి. దారి వాళ్లది.

ఎస్తెల్యాలో నిర్ణయం

పదకొండు ప్రాంతంలో ఎస్తెల్యా చేరాలి. ఇక్కడ సైకిలు ఆనించి, నీడలో పది నిమిషాలు కూర్చున్నాకే ముందుకు వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోండి. తొక్కుతూ తీసుకున్న నిర్ణయం ఎప్పుడూ ‘వెళ్దాం’ అనే ఉంటుంది.

నేను చూసుకునేవి ఇవి. పదకొండున్నర దాటిందా? పొద్దున్నుంచి ఒకసారైనా మూత్రానికి వెళ్లానా, రంగు ముదురుగా ఉందా? తిండి చూస్తే వెగటుగా ఉందా? ఎండలో నిలబడినా ఒళ్లు జలదరిస్తోందా? పది నిమిషాల విశ్రాంతి తర్వాత కూడా గుండె దడ తగ్గలేదా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా అక్కడే ఆగిపోతాను. ఎస్తెల్యాలో ఉండిపోయినందుకు ఎవరూ చింతించలేదు. నది ఉంది, చల్లటి పాత చర్చిలున్నాయి.

తోడువాడు తడబడుతూ మాట్లాడినా, పేరు పిలిస్తే కోపగించుకున్నా, తూలినా అది అలసట కాదు. వడదెబ్బ. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అనుకోకండి, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. నీడలో పడుకోబెట్టి, 112కు ఫోను చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, గుడ్డతో విసరండి. మంచు దొరికితే మెడకు, చంకల్లో పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. ఆ కొద్ది నిమిషాల మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మూడో అంకం: నీడలేని పన్నెండు కిలోమీటర్లు

వెళ్లాలనే అనుకుంటే, ఊరు దాటగానే ఇరాచె దగ్గర ద్రాక్షసారాయి తయారీదారులు 1991లో పెట్టిన కొళాయి కనిపిస్తుంది. గోడకు రెండు కొళాయిలు, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ద్రాక్షసారాయి, యాత్రికులకు ఉచితం. మీ సీసాను ఏ కొళాయి కింద పెట్టాలో చెప్పనక్కరలేదు. రెండోదాని రుచి చూడాలన్న ఆశ ఉంటే ఒక్క గుక్క, అది కూడా నీళ్లు నింపుకున్నాక.

అస్కేతా మీదుగా మొన్హార్దిన్ కొండ వైపు ఎక్కుతుంటే, వియామయోర్‌కు ముందు నడకదారి పక్కన మూర్ల (మధ్యయుగపు స్పెయిన్ ముస్లిముల) ఊట అనే 13వ శతాబ్దపు రాతి కట్టడం ఉంది. జంట కమానులు, లోపలికి మెట్లు, అడుగున నీళ్లు. మన దిగుడుబావిని తెచ్చి అక్కడ పెట్టినట్టే ఉంటుంది. లోపలి మెట్ల మీద కూర్చుంటే ఒంటి వేడి దిగిపోతుంది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా దీని కోసం పక్కకు తిరగడం నష్టం కాదు.

వియామయోర్‌లో రెండు సీసాలు నింపి, చొక్కా తడిపి, తల తడిపి బయలుదేరండి. ఇక్కడి నుంచి లోస్ ఆర్కోస్ దాకా నడకదారిలో పన్నెండు కిలోమీటర్లు ఊరు లేదు, నీడ దాదాపు లేదు. ఒక చెట్టు కనిపిస్తే దాని కింద ఇప్పటికే నలుగురుంటారు. సైకిలుకు అనుకూలమైన సంగతి ఒకటే: మొత్తం మీద దారి దిగువకే పోతుంది, గాలి తగులుతుంది. నలభై, యాభై నిమిషాల్లో అయిపోతుంది. దారి పక్కన ఎవరైనా నడకయాత్రికుడు కూలబడి ఉంటే ఆగండి, నీళ్లు పంచుకోండి. మనం ముందు ఊరికి అరగంటలో చేరతాం, వాళ్లకు ఇంకా రెండు గంటలు.

చేరాక

ఒంటిగంటకు లోస్ ఆర్కోస్. చల్లటి నీళ్ల కింద ఒక్కసారిగా నిలబడకుండా, ముందు నీడలో కూర్చుని ఉప్పునీళ్లు తాగండి. తాగడం అక్కడితో ఆపకండి. కోల్పోయిన ప్రతి కిలోకూ సాయంత్రంలోగా లీటరున్నర, భోజనంతో పాటు. రెండు దాటితే దుకాణాలు మూతపడి ఐదింటిదాకా తెరుచుకోవు, కావలసినవి ముందే కొనుక్కోండి. ఆదివారమైతే శనివారమే.

చొక్కా ఉతికి ఆరేస్తే ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. ఎండ చేసే ఒకే ఒక్క ఉపకారం. చైను గుడ్డతో తుడిచి ఒక్కొక్క లంకెకు ఒక్కొక్క చుక్క నూనె వేయండి, దుమ్ము మీద నూనె పోస్తే సానరాయి పేస్టు అవుతుంది. బ్రేకు దిమ్మెలు ఎంత మిగిలాయో చూడండి. టైరును వేలితో తడిమి ముల్లేదైనా గుచ్చుకుందేమో చూడండి.

ఎనిమిదిన్నరకు కూడా వీధిలో ఎండ గోడల మీద మెరుస్తూనే ఉంటుంది, పిల్లలు చర్చి ముందు బంతి ఆడుతూనే ఉంటారు. కిటికీ తలుపులు మూసి, గది చీకటి చేసుకుని పడుకోండి. రేపు లోగ్రోన్యో దాకా దారి. సాన్సోల్ దాటగానే లోయలోకి దిగి, తోర్రెస్ దెల్ రియోలో మళ్లీ ఎక్కాలి. అలారం ఐదున్నరకు.